నాలుగు సేర్ల రాగుల సంఘం

చౌడమ్మక్కను నేను మొదటిసారి చూసింది తమిళనాడులో, హోసూరు అవతలి కొండల్లో, అంచెట్టి ఘాటు రోడ్డు మీద. 1994 మార్చి నెల, పొద్దున పది గంటల వేళ.

కెలమంగలంలో మా నాన్న శ్రీనివాసమూర్తికి రాగులు, చింతపండు మండీ ఉండేది. చింతపండు కాలంలో ఆయన వారానికి రెండుసార్లు వ్యాను వేసుకుని కొండ ఊళ్ళకు పోయి సరుకు కొనుక్కొచ్చేవారు. బీకాం ముగించి ఇంట్లో ఊరికే కూర్చున్న నన్ను తూకాలు రాసిపెట్టమని వెంట తీసుకుపోయేవారు. ఆ రోజు పదిహేను మూటలు ఎక్కించుకుని తిరిగి వస్తుంటే, ఒక మనిషి రోడ్డుకు అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. అతని వెనక నలుగురు మగవాళ్ళు వెదురుబొంగుకు కంబళి కట్టి డోలీలా మోసుకొస్తున్నారు. కంబళిలో నిండు గర్భిణి.

అడ్డం నిలబడినవాడు ఆమె భర్త వెంకటేశప్ప. సీగలపల్లిలో రాగి చేను, నాలుగు ఆవులు ఉన్న రైతు. మాట సరిగా రావడం లేదు అతనికి.

"అన్నా, నిన్న మధ్యాన్నం నుంచి నొప్పులు. ఈ పొద్దు బస్సు రాలేదు. డెంకణికోట ఆసుపత్రి దాకా ఎక్కించుకోండన్నా."

నాన్న ఒకసారి కంబళి వైపు చూశారు, ఒకసారి వ్యాను వైపు. వ్యాను నిండా మూటలే.

"మూటలు దించండప్పా" అన్నారు.

అందరూ తలా ఒక చెయ్యి వేశారు. ఐదు నిమిషాల్లో పదిహేను మూటలూ రోడ్డు పక్కన ఉన్నాయి. డోలీ మోసినవాళ్ళలో మారియప్ప అనే వెడల్పాటి భుజాల మనిషి, "మీరు పోండి సామీ. మూటల కాడ నేనుంటాను" అన్నాడు.

వ్యానులో ఆమె తల నా ఒళ్ళో పెట్టారు. నాకప్పుడు ఇరవై ఒక్క ఏళ్ళు. కాన్పు నొప్పి అంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఆమె నా మణికట్టు పట్టుకుంటే గోళ్ళు దిగిన గుర్తులు వారం దాకా పోలేదు. నాకు భయంతో కన్నీళ్ళు కారిపోతున్నాయి. నొప్పికీ నొప్పికీ నడుమ ఆమె కళ్ళు తెరిచి, "నీ పేరేమి పాపా?" అంది. చెప్పాను.

"ఏడవాకు తారా. నాకేమీ కాదు" అంది.

పోతున్న ప్రాణం ఆమెది, ధైర్యం చెప్పించుకుంటున్నది నేను. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గుగానే ఉంటుంది.

డెంకణికోటలో మధ్యాహ్నానికి ఆడబిడ్డ పుట్టింది. తల్లీ బిడ్డా దక్కారు. సాయంత్రం మేము మూటల కోసం తిరిగి పోతే మారియప్ప వాటి మీద కోతులు పడకుండా కర్ర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు. నాన్న అతని చేతిలో ఏదో పెట్టబోతే వెనక్కి తోసి, "బిడ్డ బాగుందా?" అని మాత్రం అడిగాడు.

రెండు నెలలకు, కెలమంగలం సంత రోజున, చౌడమ్మక్క బిడ్డను ఎత్తుకుని మా మండీకి వచ్చింది. బిడ్డకు మంజు అని పేరు పెట్టారట. ఆమె ఏదో ఇచ్చిపోవడానికి వచ్చిందనుకుని నాన్న ముందే, "మనసులో ఏమీ పెట్టుకోవద్దమ్మా. ఎవరైనా అంతే చేస్తారు" అన్నారు.

"ఇచ్చేదానికి రాలేదన్నా. అడిగేదానికి వచ్చినాను" అందామె. "ఆ పొద్దు మీ వ్యాను వచ్చింది కాబట్టి నేనుండాను. మా ఐదూర్లలో ఈ ఆరేండ్లలో ముగ్గురు ఆ డోలీలోనే పోయినారు. ఇంకొకరికి నొప్పులొచ్చిన పొద్దు మీరు చింతపండుకు వస్తారని ఏమి గ్యారంటీ? మాకొక జీపు కావల్ల. పాతదైనా సరే. యాడ దొరుకుతుంది, ఎట్ల తెచ్చుకునేది, అది చెప్పండి సాలు."

తళి దారిలో నాన్నకు తెలిసిన ఒక తోట యజమాని దగ్గర రెండు పాత జీపులు మూలన పడి ఉన్నాయి. వాటిలో ఒకటి ఊరికే అయినా ఇచ్చేస్తాడని ఆయనకు తెలుసు.

"జీపు సంగతి నేను చూస్తానమ్మా. అయితే ఒక మాట. అది నా పేరున వద్దు, నీ పేరున వద్దు. నా పేరున ఉంటే రేపు మా తమ్ముడు ఇది మండీ బండే అంటాడు. నీ పేరున ఉంటే మీ దాయాదులు భాగానికి వస్తారు. సంఘం పెట్టి రిజిస్టరు చేయండి. సంఘానికి దాయాదులు ఉండరు."

"సంగం అంటే ఏమి చేసేది?"

"ఏడు మంది చేరి, మేము ఈ పనికి చేరినాము, ఇట్ల నడుపుకుంటాము అని రాసి కృష్ణగిరి రిజిస్ట్రారు ఆఫీసులో ఇయ్యల్ల. రాసేదానికి మా తార ఉంది."

నేను ఉలిక్కిపడ్డాను. సంఘం నిబంధనలు ఎలా ఉంటాయో నేను పుస్తకంలో కూడా చూడలేదు. కానీ చౌడమ్మక్క అప్పటికే నా వైపు తిరిగి, పని అయిపోయినట్టే నవ్వుతోంది.

వెంకటేశప్ప వాళ్ళ కళ్ళంలో మొదటి కూటం జరిగింది. ఐదు ఊళ్ళ నుంచి అరవై మంది దాకా వచ్చారు. నేను హోసూరులో ఒక వకీలు దగ్గర నమూనా తెచ్చుకుని, ఒక్కొక్క నిబంధనా చదివి వినిపించాను. సభ్యత్వం దగ్గరికి వచ్చేసరికి ఏడాదికి ఎంత చందా పెట్టాలన్నది తేలలేదు. చేతిలో రొక్కం ఆడే ఇళ్ళు ఆ ఊళ్ళలో పదో పన్నెండో. అప్పుడు చౌడమ్మక్క, "రాగులు లేని ఇల్లు ఉందా?" అని అడిగింది. లేదు. ఇంటికి ఏడాదికి నాలుగు సేర్ల రాగులని నిర్ణయమైంది. వాటిని మా మండీలో అమ్మి డీజిలు పోయించాలి.

అందరూ సరేనన్నారు, మారియప్ప తప్ప.

"మోసేదానికి రిజిస్టరు ఎందుకమ్మా?" అన్నాడు లేచి. "మా నాయన మోసినాడు. నేను మోస్తాండాను. ఎవురన్నా మమ్మల్ని కాగితం అడిగినారా? ఈ పొద్దు కాగితం రాస్తారు. రేపు ఈ కాగితంలో పేరుండేవాళ్ళనే ఎక్కిస్తామంటారు."

"నువ్వు మోయబట్టే నేను బతికినాను మారియప్పన్నా. నీ భుజానికి నేను ఎదురు చెప్పను" అంది చౌడమ్మక్క. "అయినా భుజం కంటే జీపు బిరీన పోతుంది కదన్నా."

ఆయన వినలేదు. తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. సంఘంలో చేరలేదు.

రిజిస్ట్రేషనుకు మేము కృష్ణగిరికి నాలుగుసార్లు తిరిగాం. ఏడుగురు వ్యవస్థాపక సభ్యుల్లో నలుగురు ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు. సీగలపల్లి నుంచి గంట నడిచి, మొదటి బస్సు పట్టుకుని, రెండు బస్సులు మారి కృష్ణగిరి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. నేను కెలమంగలం బస్టాపులో వాళ్ళతో కలిసేదాన్ని. చౌడమ్మక్క సంగటి ముద్ద, ఉలవచారు సద్ది కట్టుకొచ్చేది. చంటిబిడ్డ ఆమెతోనే ఉండేది.

మొదటిసారి పేరు దగ్గర ఆగిపోయింది. మేము పెట్టిన పేరుతో ఇంకో సంఘం ఉందన్నారు. రెండోసారి వేలిముద్రల దగ్గర. ఏడుగురిలో ఐదుగురివి వేలిముద్రలే. వాటికి ఒక అధికారి సాక్ష్యం సంతకం కావాలని నాకు తెలియలేదు. తెలియనందుకు బస్సులో ఏడ్చినంత పని చేశాను. అంతమందిని పని మానిపించి తెచ్చానే అని.

"ఏమైందిప్పుడు?" అంది చౌడమ్మక్క. "ముందు వచ్చినప్పుడు పేరు నేర్చుకున్నాము. ఇప్పుడు వేలిముద్ర నేర్చుకున్నాము. వాళ్ళు చెప్పకుంటే మనకు ఎట్ల తెలుస్తుంది?"

మూడోసారి రాగుల దగ్గర చిక్కు వచ్చింది. కాగితాలు చూసే పెద్ద గుమాస్తా కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, చందా రూపాయల్లోనే ఉండాలని తమిళంలో చెప్పాడు. చౌడమ్మక్కకు తెలుగు, కన్నడం, తమిళం మూడూ సమానంగా వచ్చు. చదువు ఒక్కటే లేదు. ఆయన బల్ల ముందు నిలబడి, నెమ్మదిగా, తగాదా లేకుండా చెప్పింది.

"సార్, రూపాయలని రాస్తే మా ఊర్లో పదిళ్ళవాళ్ళు చేరతారు. రాగులని రాస్తే నూరిళ్ళవాళ్ళు చేరతారు. జీపు అవసరం పడేది ఆ నూరిళ్ళవాళ్ళకే."

ఆయన కాగితాలు మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఉద్దేశం అన్న చోట నేను రాసిన పెద్ద పెద్ద మాటలన్నీ దాటి, చివర చౌడమ్మక్క చెప్పగా చేర్చిన వాక్యం దగ్గర ఆగాడు. "ఐదు ఊళ్ళలో జబ్బుపడినవారినీ ప్రసవించేవారినీ ఆసుపత్రికి చేర్చడం." దాని కింద వేలు పెట్టి, "మీ సంఘం ఉద్దేశం ఇదొక్కటే. మిగిలినవన్నీ కొట్టేయమ్మా" అన్నాడు నాతో. తర్వాత తానే పెన్ను తీసి, "చందా ఇన్ని రూపాయలు, లేదా ఆ విలువకు సమానమైన ధాన్యం" అని తిరగరాసి, ఇలా టైపు చేయించుకు రండి అన్నాడు. ఆయన పేరు అడగాలని కూడా మాకు తోచలేదు. ఆ ఒక్క వరుస లేకపోతే మా సంఘం లేదు.

నాలుగోసారి, 1995 జనవరిలో, సర్టిఫికెట్టు ఇచ్చారు. ఆఫీసు మెట్ల మీద కూర్చుని చౌడమ్మక్క ముద్ర మీద వేలు ఆనించి చూసింది.

"ఇందులో నా పేరు యాడుంది తారమ్మా?"

"నీ పేరు ఉండదక్కా. సంఘం పేరే ఉంటుంది."

"అదే మేలు" అంది.

మొదటి కమిటీ సమావేశంలోనే ఆమెను ప్రెసిడెంటుగా ఎన్నుకున్నారు. ఆనాటి నుంచి ఆమెకు ఒక బెంగ పట్టుకుంది. చదవలేని ప్రెసిడెంటును ఎవరైనా మోసం చేస్తారేమో అని కాదు, తానే తెలియక తప్పు చేస్తానేమో అని. నేను ఊరికి పోయిన ప్రతిసారీ నిబంధనలు చదివించుకునేది. కలుపు తీస్తూ, పాలు పిండుతూ వల్లె వేసుకునేది. ఇరవై ఆరు నిబంధనలూ ఆరు నెలల్లో ఆమెకు నోటికి వచ్చేశాయి. ఎవరైనా ఏదైనా అడిగితే, "తొమ్మిదో నిబంధనలో ఏముందంటే" అని కళ్ళు మూసుకుని, నేను రాసిన గ్రాంథికమంతా తు.చ. తప్పకుండా అప్పజెప్పేది. ఊళ్ళో ఆమెను ఆటపట్టిస్తూ, నిబంధనల ఇంగ్లీషు పేరు కలిపి, బైలా చౌడమ్మ అనేవాళ్ళు. ఆమె కోపం తెచ్చుకోకపోగా మురిసిపోయేది.

తోట యజమాని ఊరికే ఇచ్చేసిన పాత జీపు సంఘం పేరున మారింది. దాన్ని నడపడానికి అంచెట్టి నుంచి మురళి అనే అతను కుదిరాడు. అంతకుముందు లారీ నడిపినవాడు, ఘాటు రోడ్డు మలుపులు ఎరిగినవాడు. మొదటి ఏడాదే ముప్పైకి పైగా ప్రయాణాలు. పాము కాటు, కాన్పులు, కడుపునొప్పి, చెట్టు మీంచి పడినవాళ్ళు.

సంఘం పెట్టడం కంటే నడపడం కష్టమని మాకు మొదటి సర్వసభ్య సమావేశం రోజున తెలిసింది. సభ్యుల్లో మూడోవంతు హాజరైతేనే తీర్మానాలు చెల్లుతాయి. అప్పటికి నూట పద్నాలుగు మంది సభ్యులు. ముప్పై ఎనిమిది మంది ఉండాలి. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ముప్పై ఏడు.

"ఒకరే కదా, రాసేయి" అన్నారు చాలామంది.

"రాసేదానికి ఆ ఒకరు ఉండల్ల కదా" అంది చౌడమ్మక్క. లేచి చేలకు అడ్డంపడి నడిచి, గుట్ట కింద మేకలు మేపుకుంటున్న బసవమ్మ దగ్గరికి పోయింది. బసవమ్మకు డెబ్భై ఏళ్ళు. ఒంటరి మనిషి. నాలుగు సేర్లు అందరికంటే ముందు కొలిచి ఇచ్చింది కానీ కూటానికి పిలుస్తారని అనుకోలేదు.

"నేను వస్తే ఏమి, రాకుంటే ఏమి? నా మేకల్ని ఎవరు చూస్తారు?"

"నువ్వొస్తేనే కూటం అవ్వా. నువ్వు రాకుంటే మేము ముప్పై ఏడు మందీ ఊరికే ముచ్చట్లు పెట్టుకున్నట్టు లెక్క."

చివరికి మేకలతో సహా వచ్చింది బసవమ్మ. మేకలు కళ్ళం చుట్టూ మేస్తుంటే తీర్మానాలన్నీ జరిగాయి. చెయ్యెత్తమన్న ప్రతిసారీ ఆమె చెయ్యి ముందు లేచేది. తన చెయ్యి లెక్కలోకి వస్తుందని ఆ వయసులో ఆమెకు మొదటిసారి తెలిసింది. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ ఒక్క కూటమూ తప్పిపోలేదు. వారం ముందునుంచే దారిలో కనిపించినవాళ్ళందరినీ "వస్తావా, రావా?" అని నిలదీసేది.

1997లో నాకు పెళ్ళయి హోసూరు వచ్చాను. మా ఆయన మహేంద్రకు బజారు వీధిలో స్టేషనరీ అంగడి. ఏటా సెప్టెంబరులో మూడు రోజులు నేను కొండకు పోవాలని, సమావేశం రాతలు, రిజిస్ట్రారుకు పంపే కాగితాలు నావని పెళ్ళికి ముందే చెప్పాను. ఆయన నవ్వి, కాగితాలన్నీ తన అంగడివే వాడాలని షరతు పెట్టారు. అలా ఆయనా సంఘంలో ఒక రకంగా చేరిపోయారు. నాన్న మాత్రం ఎంత బతిమాలినా ఏ పదవీ తీసుకోలేదు. మామూలు సభ్యుడిగా ఉంటూ, ఏటా తన మండీలోంచే నాలుగు సేర్లు కొలిచి, రసీదు అడిగి తీసుకునేవారు.

2000 సంవత్సరం ఫిబ్రవరిలో సంఘానికి పెద్ద పరీక్ష వచ్చింది. చింతచెట్టు దులుపుతూ మారియప్ప కొమ్మ విరిగి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆయన అప్పటికీ సభ్యుడు కాదు. పద్నాలుగో నిబంధన ప్రకారం, సభ్యులు కానివాళ్ళకు జీపు ఇవ్వాలంటే ఏడుగురి కమిటీలో నలుగురు ఒప్పుకోవాలి. ఆ రోజు ఊళ్ళో ఉన్నది చౌడమ్మక్క, ఇంకొకరు. మిగిలిన ఐదుగురూ అంచెట్టి సంతకు పోయారు.

చౌడమ్మక్క చెట్టు కిందికి పరుగెత్తింది. మారియప్ప కదలలేక పడి ఉన్నాడు. చుట్టూ ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. డోలీ కట్టడానికి కంబళి ఉంది, బొంగు ఉంది. మోయడానికి నలుగురు లేరు. ఊళ్ళో వయసులో ఉన్నవాళ్ళంతా హోసూరు పక్క మూకండపల్లి ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు చేరిపోయి నాలుగేళ్ళవుతోంది.

"వద్దమ్మా" అన్నాడట మారియప్ప పళ్ళు బిగబట్టి. "నేను మీ కాగితంలో లేను."

"నోరు మూసుకో అన్నా" అని, మురళిని పిలిచి జీపు ఎక్కించింది. హోసూరు ఆసుపత్రికి పంపింది.

జీపు అలా పోయిన గంటకు పక్క ఊరి దొడ్డప్పకు ఉబ్బసం తిరగబెట్టింది. దొడ్డప్ప మొదటి ఏడుగురిలో ఒకడు, అప్పటి కమిటీలో లేకపోయినా చందా ఏనాడూ తప్పనివాడు. మనిషిని పంపితే జీపు లేదన్నారు. రోడ్డు దాకా నడిచి, బస్సు కోసం రెండు గంటలు ఆయాసపడుతూ కూర్చుని, ఎలాగో ఆసుపత్రి చేరాడు. బతికాడు. కానీ మనసు విరిగింది.

సెప్టెంబరు సమావేశంలో దొడ్డప్ప లేచి నిలబడ్డాడు. "నేను సచ్చిపోయుంటే ఎవరు జవాబు? కానివాళ్ళకు జీపిచ్చి, సభ్యుణ్ణి రోడ్డు మీద కూర్చోబెట్టినారు. ఇది బైలా ప్రకారమేనా, ప్రెసిడెంటమ్మ చెప్పల్ల."

చౌడమ్మక్క లేచింది. కళ్ళు మూసుకుని పద్నాలుగో నిబంధన మొదటి అక్షరం నుంచి చివరి దాకా అప్పజెప్పింది. కళ్ళు తెరిచి, "నేను తప్పినాను దొడ్డప్పన్నా. నీకు జరిగిందానికి నాదే బాధ్యత. రాసుకో తారమ్మా" అంది.

"ప్రాణం మీదికి వస్తే ఎవరైనా అదే చేస్తారు, వదిలేయండి" అని నలుగురు సర్దిచెప్పబోయారు. ఆమె ఒప్పుకోలేదు.

"వదిలేస్తే రేపు వచ్చే ప్రెసిడెంటు తనకు ఇష్టమైనవాళ్ళకు ఇచ్చి, చౌడమ్మ ఇవ్వలేదా అంటాడు. నేను చేసింది తప్పని రాయండి. ఆ నిబంధన కూడా తప్పని రాయండి. రెండూ రాస్తేనే సరిపోతుంది. దాన్ని మార్చండి. నేను దిగిపోతాను."

నా చేతిలో పెన్ను కదల్లేదు. ఆమె నా వైపు చూసి, "రాయి పాపా" అంది మెల్లగా.

ఆ రోజు రెండు తీర్మానాలు రాశాను. ఒకటి ఆమె రాజీనామా. రెండోది నిబంధన మార్పు గురించి. అది అప్పటికప్పుడు చేయడానికి లేదు, ఇరవై ఒక్క రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చి, అక్టోబరులో మళ్ళీ కలిశాం. నాలుగింట మూడు వంతుల చేతులు కావాల్సి ఉండగా అన్నీ లేచాయి. మారిన నిబంధన చిన్నది. "జబ్బు ఎవరిదైనా, ముందు అడిగినవారికి జీపు ముందు పోవాలి." దాన్ని ప్రతిపాదించింది దొడ్డప్ప. ఆ నెల రోజుల్లో ఆయన ఏమనుకున్నాడో మాతో చెప్పలేదు. కానీ మారియప్పను ఇంటికి పోయి చూసి వచ్చాడని మాత్రం తెలిసింది.

ఆ సమావేశానికి మారియప్ప చంకకర్ర మీద వచ్చాడు. అతని భార్య తలమీద రాగుల మూట. ఇరవై సేర్లు, ఐదేళ్ళ చందా.

"పాత ఏండ్లకు వద్దన్నా. ఈ ఏటికి నాలుగు సేర్లు సాలు" అంది చౌడమ్మక్క.

"కాగితంలో పేరుండేవాళ్ళనే ఎక్కిస్తారని ఆ పొద్దు అన్నాను" అన్నాడు ఆయన అందరి వైపూ చూస్తూ. "పేరు లేని నన్ను ఎక్కించి ఈమె దిగిపోయింది. నేను మోసేవాణ్ణని గర్వపడినాను. పడిపోయి చూస్తే మోసేదానికి నాలుగు భుజాలు లేవు ఊర్లో. ఈ పొద్దు మీ అందరి భుజాలూ ఆ జీపే. తీసుకోండి."

మూట తీసుకున్నాం. పాత ఏళ్ళ రాగులను బసవమ్మ సూచన మీద ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ సంగటి చేయించి పెట్టాం.

దొడ్డప్ప ప్రెసిడెంటయ్యాడు. అంత కోపిష్టి ఎలా నడుపుతాడో అని నేను భయపడ్డాను. నిజానికి చౌడమ్మక్క కంటే కొన్ని పనులు బాగా చేశాడు. జీపు ఎవరు ముందు అడిగారో తేలడానికి ఒక నోటుబుక్కు పెట్టాడు. అంచెట్టిలో ఫోను ఉన్న అంగడివాడితో మాట్లాడి కబురు అందే ఏర్పాటు చేశాడు. చౌడమ్మక్క మామూలు సభ్యురాలిగా జనంలో కూర్చుని చెయ్యెత్తేది. "నేను దిగినందుకు కదా ఇంత మంచి ప్రెసిడెంటు దొరికినాడు" అని నాతో అన్నప్పుడు అందులో వెక్కిరింపేమీ లేదు. 2004లో కృష్ణగిరి జిల్లా అయిన ఏట అందరూ మళ్ళీ ఆమెనే నిలబడమంటే, పంట నూర్పిళ్ళు ఉన్నాయని తప్పించుకుని, మారియప్పను సెక్రటరీగా నిలబెట్టింది.

నాన్న 2006లో పోయారు. ఐదు ఊళ్ళ నుంచి జనం కెలమంగలం వచ్చారు. వెంకటేశప్ప నా పక్కన కూర్చుని, "ఆ పొద్దు మీ నాయన ఒక్క మాట కూడా అడగలేదమ్మా. యావూరు, ఎవురు, ఏమీ అడగలేదు. మూటలు దించమన్నాడు" అన్నాడు. నాకు అంతకు మించిన ఓదార్పు ఎవరూ ఇవ్వలేదు.

2008 చివర, నూట ఎనిమిదికి ఫోను చేస్తే వచ్చే సర్కారు అంబులెన్సులు మొదలయ్యాయి. మరుసటి ఏటికి సీగలపల్లి దాకా తారు పడింది. మా జీపు కూడా ముసలిదైపోయింది. నడపడానికి తగదని తనిఖీలో తేల్చేశారు. 2009 సెప్టెంబరులో సంఘం ఉంచాలా, ముగించాలా అన్న ప్రశ్న మీద అందరం కూర్చున్నాం. కొందరు పేరుకైనా ఉంచుదామన్నారు. కొందరు ఉన్నది సభ్యులందరికీ పంచేస్తే పోతుందన్నారు.

చౌడమ్మక్క జనంలోంచి లేచింది. "ఇరవై ఆరో నిబంధన" అంది. సభ్యులు నవ్వేశారు. ఆమె నవ్వలేదు. సంఘం ముగిసినప్పుడు మిగిలింది సభ్యులు పంచుకోరాదనీ, ఇదే పని చేసే మరొక సంఘానికి ఇవ్వాలనీ అప్పజెప్పింది.

"మనము ఒక్క పనికి చేరినాము. ఆ పని ఇప్పుడు సర్కారు చేస్తాంది. సంతోషం కదా? పని లేకుండా పేరు మాత్రం ఉంచుకుంటే కాగితాలకు పూజ చేసినట్టు అవుతుంది. మంచిగా నడిపినాము. మంచిగానే ముగిద్దాము."

హోసూరు ఆసుపత్రి దగ్గర, పల్లెల నుంచి రోగులతో వచ్చేవాళ్ళకు అన్నం పెట్టి, పడుకోవడానికి చోటిచ్చే ఒక చిన్న సంఘం ఉంది. మిగిలినదంతా వాళ్ళకు ఇవ్వాలని తీర్మానం చేశాం. తర్వాత దొడ్డప్ప తన నోటుబుక్కులూ, అంతకుముందు ఏళ్ళ సంఘం లెక్కల పుస్తకాలూ తెచ్చి నా ముందు పెట్టాడు. పద్నాలుగేళ్ళలో ఆరువందల తొంభై రెండు ప్రయాణాలు. పేర్లు చదవమన్నారు. నేను చదువుతుంటే, ఉన్నవాళ్ళు "ఉండాను" అంటూ చెయ్యెత్తారు. తల్లి కడుపులో ఉండి జీపెక్కిన పిల్లలు ఆ తల్లి పేరు రాకముందే లేచి నిలబడ్డారు. దక్కనివాళ్ళ పేరు వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు, "తీసుకపోయినారు. మీరు చేసేది చేసినారు" అన్నారు. చదవడానికి రెండు గంటలు పట్టింది. ఒక్కరూ మధ్యలో లేచిపోలేదు.

చివరి కాగితాలతో కృష్ణగిరికి సంఘం తరఫున చౌడమ్మక్క, నేనూ పోయాం. బల్ల దగ్గర ఒక యువతి ఉంది. అన్నీ చూసి, తలెత్తి, "సంఘం మూసేస్తున్నామని చెప్పడానికి ఇంత దూరం వచ్చారా?" అని ఆశ్చర్యంగా అడిగింది. "మామూలుగా ఎవరూ రారు. కాగితాలు పంపడం మానేస్తారు. కొన్నేళ్ళకు మేమే పేరు కొట్టేస్తాం."

"పద్నాలుగేండ్లు మా కాగితాలు భద్రంగా పెట్టుకున్నారు తల్లీ మీరు" అంది చౌడమ్మక్క. "చెప్పకుండా ఎట్ల పోతాము?"

ఆ అమ్మాయి లేచి, మాకు కూర్చోవడానికి రెండు కుర్చీలు జరిపింది. రసీదు మీద ముద్ర వేసి, సంతకం చేయడానికి పెన్ను చౌడమ్మక్కకు ఇచ్చింది. పక్కన సిరా మెత్త కూడా పెట్టింది. చౌడమ్మక్క దాన్ని మెల్లగా పక్కకు జరిపి, తమిళంలో, వంకర టింకరగా, నాలుగు అక్షరాలు రాసింది. సంతకం ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. నాకు కూడా చెప్పలేదు.

బయటికి వచ్చాక ఆకలేస్తోందంది. బస్టాండు ఎదుట హోటల్లో ఇడ్లీలు తిన్నాం. ఇంటికి పోయి ఆవులకు నీళ్ళు పెట్టాలని, మూడు గంటల బస్సు దొరుకుతుందో లేదో కనుక్కోమంది.